నిలబడి తినే హోటలు, మూడు గంటల బస్సు

సాయంత్రం ఎండ గోడల మీద వాలుతున్న వేళ ఎక్కడినుంచో నూనె కాగిన వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒక వీధి కనిపిస్తుంది. నరసరావుపేటలో స్టేషను రోడ్డుకి వెనకగా, రెండు ఎడ్లబండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాల్సినంత ఇరుకైన వీధి. పదిహేను ఇళ్ళు, ఇంటికో అరుగు, చివర సున్నం కొట్టిన చిన్న ప్రార్థనా మందిరం. ఆ వీధి ఇప్పుడు అలా లేదని నాకు తెలుసు. కళ్ళు మూసుకుంటే మాత్రం అది అక్కడే ఉంటుంది, అదే ఎండలో, మనుషులంతా అరుగులు దిగి నడివీధిలో నిలబడి, తలలెత్తి ఆకాశంలోకి చూస్తూ.

వాళ్ళు ఏం చూస్తున్నారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పత్రికల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీరు రాసిన వాటిలో పెద్ద వార్త ఏదండీ అని అడుగుతుంటారు. పెద్దవేవీ నాకు సరిగ్గా గుర్తులేవు. మూడంగుళాల వార్త ఒకటి మాత్రం అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. అది జరగని వార్త.

అరవైల తొలి ఏళ్ళలో నేను బెజవాడలో అచ్చయ్యే ఒక దినపత్రికకి ఆ ఊరి విలేకరిని. విలేకరి అంటే చేతిసంచి, రెండు పెన్నులు, అద్దెగది. వార్తలు కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, మూడు గంటలకి బయల్దేరే బెజవాడ బస్సు డ్రైవరు చేతికివ్వాలి. ఆయన దాన్ని అద్దం పైన ఉన్న దేవుడి పటం వెనక దోపుకునేవాడు. రాత్రికి అది ఆఫీసు చేరేది, తెల్లారేసరికి అచ్చై మళ్ళీ బస్సులోనే మా ఊరొచ్చేది. మూడు దాటాక ఊళ్ళో ఏం జరిగినా, పత్రిక వరకు అది మర్నాడు జరిగినట్టే.

అందుకని మేమంతా ఒక పద్ధతికి అలవాటు పడ్డాం. సాయంత్రం సభ ఉంటే మధ్యాహ్నమే రాసేసేవాళ్ళం. బడి వార్షికోత్సవం పిల్లలు ముఖాలకి రంగు పూసుకోకముందే జయప్రదంగా ముగిసేది. వక్తలు నోరు తెరవకముందే ప్రసంగించేవారు. జరగబోయేదే కదా, ఎవరికి నష్టం అనుకునేవాళ్ళం.

ఒక శివరాత్రికి కోటప్పకొండకి బయల్దేరిన ఒక ఊరి ప్రభ, ఎడ్లబండి మీద కట్టిన ఎత్తైన దీపాల గోపురం, దారిలో ఇరుసు విరిగి జొన్నచేలో ఒరిగిపోయింది. నా వార్తలో మాత్రం అది కొండ కింద దీపాల వెలుగులో ఠీవిగా నిలబడింది. వారం తర్వాత ఆ ఊరి పెద్దలు నలుగురు నా గది ముందుకొచ్చి నిలబడితే, తన్నడానికే వచ్చారనుకున్నాను.

"పేపరు ఇంకో రెండుంటే ఇయ్యి అబ్బాయ్," అన్నాడు అందులో పెద్దాయన.

"ఇరుసు విరిగిందంటగా," అన్నాను నెమ్మదిగా.

"విరిగిందిలే. చేలో పడింది చూసినోళ్ళు యాభై మంది. చేరిందని చదివినోళ్ళు జిల్లా మొత్తం."

ఆయన వెళ్ళాక చాలాసేపు నవ్వుకున్నాను. భయపడవలసిన చోట నవ్వానని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ వీధిలోనే ఒక ఇంటి మేడగది నాది. ప్రార్థనా మందిరం పక్కనున్న పెంకుటిల్లు చాలాకాలం తాళం వేసి ఉండేది. అందులో ఉంటూ మందిరం ఊడ్చే ముసలమ్మ పోయాక, ఆమె మేనల్లుడూ అతని భార్యా పిడుగురాళ్ళ నుంచి వచ్చి దిగారు. అతను సున్నపు బట్టీల్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఒక కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. రెండో దాంట్లో కాస్త చూపు మిగిలింది. ఆమె బట్టీల దగ్గర కూలీలకి వండిపెట్టేది. నలభైకి దగ్గర పడిన మనిషి, నిదానంగా నవ్వేది. వచ్చిన వారానికే ఒకరోజు మేడ మెట్ల మీద నిలబడి పిలిచింది.

"తమ్ముడూ, ఓ అర్జీ రాసిపెట్టాలి. హోటలు పెడదామనుకుంటన్నా."

"పెద్ద హోటలా అక్కా?"

"అంతకంటే చిన్నది ఉండదు. బల్లల్లేవు, కుర్చీల్లేవు. నిలబడి తిని పోవటమే. అడిగిన అయిదు నిమిషాల్లో ఆకు చేతిలో పెడతా."

"నిలబడి ఎవరు తింటారక్కా?"

"బట్టీకాడ ఎట్టా తింటారనుకున్నా? కూచుందామంటే కింద కాలుద్ది. తినేలోగా మేస్త్రీ కేకేస్తాడు. పదేళ్ళు అట్టానే పెట్టా. అరగలేదని ఒక్కడూ చెప్పలా."

అర్జీలో ఏం రాయాలో చెబుతూ చెబుతూ, రాయనక్కరలేని మాట ఒకటి చెప్పింది. ఆ దుమ్ములో ఇంకో ఏడాది ఉంటే భర్తకి మిగిలిన కన్ను కూడా పోతుందని గుంటూరు డాక్టరు అన్నాడట. అందుకే వచ్చేశారు. హోటలు సాగితే ఇక్కడ ఉంటారు. సాగకపోతే ఆమెకి చేతనైన వంట కావలసిన చోటు మళ్ళీ ఆ బట్టీలే.

నేను పురపాలక సంఘం కమీషనరు గారికి, సత్వర ఫలహారశాల స్థాపనకు లైసెన్సు కోరుతూ, అని నా మంచి దస్తూరీతో రాశాను. ఆమెకి చదవడం రాదు. సత్వర అంటే ఏందని అడిగి, చెప్పించుకుని, "బాగుంది, బండి మీద పోతన్నట్టుంది," అంది.

కొన్నాళ్ళకి ఆ ఇంటి గోడకి కాగితం అంటించారు. ఇక్కడ హోటలు పెట్టడానికి అభ్యంతరాలున్న వారు రాసి ఇవ్వవచ్చునని దాని సారాంశం. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారి అరుగు మీద వీధంతా చేరింది. ఆయన రిటైరైన మనిషి. రోజూ పొద్దున్నే పేపరు పైకి చదివేవాడు. చదువొచ్చిన వాళ్ళూ రానివాళ్ళూ కూడా ఆయన గొంతులోనే వార్తలు వినడం ఆ వీధికి అలవాటు.

"నిలబడి తినేవి గొడ్లు," అన్నాడాయన.

"గొడ్లు కూడా నెమరేసేటప్పుడు కూచుంటయ్యి మాస్టారూ," అంది పెంకుటింటికి ఎదురింటి మామ్మ. ఆమె భర్తకి ఉబ్బసం. "నాకు తినేవాళ్ళతో తగువు లేదు. పొగతోనే. ఈయనకి సాంబ్రాణి ఏస్తేనే ఊపిరాడదు. రోజూ నూనె పొగంటే నేనేం చెయ్యను?"

పిల్లల చదువుల కోసం పల్లె నుంచి వచ్చి వీధి మొదట్లో పెద్ద ఇల్లు కట్టుకున్న మోతుబరి రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన గోడకి ఆనుకుని మాట్లాడాడు. "సున్నం లారీలోళ్ళకి ఆమె వంట తెలుసు. అన్నీ ఈ మలుపులోనే ఆపుతారు. ఆగినోడు ఊరికే ఉంటాడా? బీడీలు, కేకలు, రేడియో. ఆడోళ్ళు అరుగు మీద కూచునే యోగం ఉంటదా?"

"ఆకులన్నీ కాలవలోకే," అన్నారెవరో. "వానొస్తే ఆ నీళ్ళు మన గుమ్మాల్లోకే."

ఈ మాటల్లో అబద్ధమేదీ లేదు. ఇళ్ళ మధ్య హోటలు పెడితే ఎక్కడైనా మనుషులకి ఉండే భయాలే. అభ్యంతర పత్రం రాసే పని నా మీదే పడింది. ఆ వీధిలో దస్తూరీ బాగున్నది నాకే. పొగ, లారీలు, కేకలు, రేడియో, ఆకులు, మురుగు అని ఆరు అంశాలు వరసగా రాశాను. నిరాఘాటమైన ధూమము, ప్రజారోగ్యమునకు పెనుముప్పు, లాంటి మాటలు వాటంతటవే కలంలోంచి వచ్చాయి. మామ్మ సాంబ్రాణి గురించి చెప్పినంత బాగా నేను రాయలేకపోయానని ఇప్పుడు అనిపిస్తుంది.

"ఇంకోటుంది," అన్నాడు మోతుబరి. "అది రాయబల్లేదులే."

ఎవరూ అదేమిటని అడగలేదు. ప్రార్థనా మందిరం వైపు ఎవరూ చూడలేదు కూడా. నేను పెన్నుకి మూత పెట్టాను.

మున్సిపాలిటీ ఆఫీసులో ఆ కాగితాలు చూసే గుమాస్తా నాకు స్నేహితుడే. రెండూ పక్కపక్కన పెట్టి నవ్వాడు. "అర్జీ నీ చేతిరాతే, అభ్యంతరమూ నీ చేతిరాతే. ఆర్డరు కూడా నువ్వే రాసిపెట్టరాదూ, మాకు పని తప్పుద్ది."

నేను ఆ పనే చేయబోతున్నానని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

ఆమెకి సంగతి తెలియకుండా ఉంటుందా? మర్నాడు మెట్ల దగ్గర ఎదురైంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. "రాస్తే రాశావులే తమ్ముడూ," అంది. "పొగ మాట నిజమేగా. ఆ మామ్మ కంగారు నాకు తెలవదా? మా ఇంటోనూ ఓ రోగి ఉన్నాడు." అప్పటికే ముందు గదిలో గుండెల ఎత్తున నాపరాతి బల్ల కట్టించి, దాని వెనక మట్టిపొయ్యి వేసుకుంది. ఆ పొయ్యి రోజూ అలికేది. వెలిగించేది కాదు. లైసెన్సు రాకుండా వెలిగిస్తే అచ్చిరాదని ఆమె నమ్మకం.

కమీషనరు గారే స్వయంగా వచ్చి వీధి చూస్తారని కబురొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి. ఆ పొద్దున నేను ఆఫీసుకి వెళితే గుమాస్తా గొంతు తగ్గించి చెప్పాడు. "అయిపోయినట్టే. ఇళ్ళ మధ్య ఎందుకొచ్చిన గొడవ, కాదని రాసిపారేద్దాం అన్నారు. వచ్చేది ఊరికే చూసిపోటానికి."

ఒంటిగంటకి గదికి వచ్చాను. కిటికీలోంచి వేడిగాలి వీస్తూ ఉంది. వీధి మొత్తం కునుకు తీస్తోంది. కింద ఎక్కడో రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు, ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి. ఆ మగతలో కూర్చుని నేను రాశాను. నివాసగృహాల మధ్య హోటలు ఏర్పాటు ప్రతిపాదనను స్థానికుల అభ్యంతరాల దృష్ట్యా పురపాలక సంఘం తిరస్కరించినదనీ, కమీషనరు స్వయంగా స్థలాన్ని పరిశీలించి ఈ నిర్ణయం ప్రకటించారనీ, వీధివాసులు హర్షం వెలిబుచ్చారనీ. హర్షం కూడా రాశాను. అది ఎప్పుడూ రాసేదే. కవరు అంటించి బస్టాండుకి నడిచి వెళ్ళి డ్రైవరు చేతిలో పెట్టాను. దేవుడి పటం వెనక కవరు అంచు కనిపిస్తూ బస్సు చిలకలూరిపేట రోడ్డు వైపు తిరిగింది.

నాలుగున్నరకి కమీషనరు గారు గొడుగు పట్టుకుని కాలినడకన వచ్చారు. సన్నగా, జ్వరం నుంచి లేచినట్టుండే మనిషి. వెంట శానిటరీ ఇన్‌స్పెక్టరు, గుమాస్తా. వీధంతా అరుగుల మీదే ఉంది. ఇన్‌స్పెక్టరు నేను రాసిన ఆరు అంశాలూ చదివాడు. నా మాటలు ఇంకొకరి గొంతులో విచిత్రంగా వినిపించాయి.

కమీషనరు గారు ఆమె వైపు తిరిగారు. "ఏమంటావమ్మా?"

ఆమె చేతులు కట్టుకోలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "రాసింది కాగితం అయ్యా. పొగ ఎటు పోద్దో కాగితానికి తెలవదు. పొయ్యి ఎలిగిస్తా. చూసి చెప్పండి," అంది.

అలాంటి మాట ఆయన అంతకుముందు విని ఉండరు. కాసేపు ఆలోచించి, సరే అన్నారు.

ఆమె పొయ్యి వెలిగించింది. వీధి అరుగులు దిగింది. పెంకుల మీది చిన్న గొట్టంలోంచి మొదట పల్చగా, తర్వాత చిక్కగా పొగ లేచింది. ముసలివాళ్ళు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పొగ కాసేపు నిటారుగా వెళ్ళి, నిలిచి, ఎటు పోవాలో తెలియని మనిషిలా కాస్త తడబడి, మెల్లగా మామ్మ ఇంటి వైపు వంగింది.

"చూశారా," అంది మామ్మ.

"చూశా మామ్మా," అంది ఆమె. "నీ మాటే నిజం."

"ఉత్త పొగేగా. నూనె పెట్టి చూపియ్యి," అన్నాడు మామ్మ భర్త, గుమ్మంలో కుర్చీలో కూర్చుని.

ఆమె బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు వేసింది. వాయి తీసి విస్తరాకులో పోసి నాపరాతి బల్ల మీద పెట్టింది. "తినమని ఎవుర్నీ అడగటంలా," అంది వీధి వైపు చూడకుండా. "పొగే చూడండి." ఆ వాసన వీధి పొడుగునా పాకింది. బల్ల మీద ఆ ఆకు అలాగే ఉంది. ఎవరి చెయ్యీ దాని వైపు కదల్లేదు. రాయబల్లేదని వదిలేసిన ఏడో అభ్యంతరం ఆ ఆకు చుట్టూ నిలబడి ఉంది. నా చెయ్యి కూడా కదల్లేదు. ఈ మాట కూడా చెప్పాలి కదా.

అప్పుడు మామ్మ భర్త కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. ఆయాసపడుతూ వీధి దాటి, బల్ల దగ్గరికొచ్చి ఒక బజ్జీ తీసుకున్నాడు.

"దగ్గొచ్చిద్ది, నీకేమన్నా పిచ్చా?" అంది మామ్మ.

"ఎట్టాగూ దగ్గుతా. ఊరికే దగ్గే బదులు తిని దగ్గుతా," అన్నాడాయన.

వీధి నవ్వింది. నవ్వాక బేరం మొదలైంది. అది దయ కాదు, బేరమే. పొగగొట్టం మా ఇంటి కప్పుకంటే ఎత్తుగా ఉండాలంది మామ్మ. దీపాలు పెట్టే వేళకి మూసెయ్యాలి, రేడియో ఉండకూడదు అన్నాడు హెడ్మాస్టరు గారు. ఆకులకి వెనక గుంట, కాలవ శుభ్రం ఆమెదే. లారీలు మలుపు అవతలే ఆగాలి. అన్నింటికీ ఆమె ఒప్పుకుంది. మోతుబరి మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఈ షరతుల మీద ఇస్తాం. ఆర్డరు నాలుగు రోజుల్లో వస్తుంది," అన్నారు కమీషనరు గారు, అందరూ వినేలా.

అందరూ విన్నారు. నేనూ విన్నాను. ఆ క్షణాన బస్సు గుంటూరు దాటి ఉంటుంది.

తంతి ఆఫీసుకి పరిగెత్తాను. ఫారం తీసుకుని, హోటలు వార్త ఆపండి అని మూడు మాటలు రాశాను. బల్లకవతల ఉద్యోగి చెయ్యి చాపి ఉన్నాడు. ఆ తంతి వెళితే, సాయంత్రం సంగతి మధ్యాహ్నమే ఎలా రాశావని ఆఫీసువాళ్ళు అడుగుతారు. అంతా చేసే పనే, కానీ పట్టుబడినవాడు నేనొక్కడినే అవుతాను. ఆమె చెవులతో ఆమె విన్నది కదా, వీధంతా విన్నది కదా, పేపర్లో తప్పు పడితే ఏమవుతుంది, ఎల్లుండి లైసెన్సు మంజూరు అని ఇంకో వార్త రాస్తే సరి అనుకున్నాను. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఉద్యోగి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే దుర్గి బస్సెక్కాను. అక్కడి శిల్పుల మీద వ్యాసం రాయమని ఆఫీసు ఎప్పుడో అడిగింది. రెండు రోజులు ఉలిదెబ్బలు వింటూ, రాతిపొడిలో, ఏమీ ఆలోచించకుండా గడిపాను. తిరిగి వచ్చేసరికి పెంకుటింటికి తాళం ఉంది. నాపరాతి బల్ల మీద ఎండుటాకు ఒకటి పడి ఉంది.

హెడ్మాస్టరు గారు అరుగు మీదే ఉన్నారు. "నిన్న మధ్యాహ్నం సున్నం లారీ ఎక్కి పోయారు," అన్నారు.

"ఎందుకు మాస్టారూ? ఇస్తామన్నారు కదా."

"అన్నారు. నేనూ ఉన్నానుగా. కానీ మర్నాడు పొద్దున పేపరు తీస్తే నిరాకరణ అని ఉంది. రాత్రికి రాత్రి మనసు మారి ఉంటుందని నేనే అన్నాను. చదువుతుంటే ఆమె గోడ అవతల నిలబడి విన్నది."

"మీ చెవులతో మీరు విన్నారు కదండీ."

ఆయన నన్ను జాలిగా చూశారు. "అది నోటిమాట. ఇది పేపరు కదా అబ్బాయ్."

మున్సిపాలిటీ ఆఫీసుకి పోతే అక్కడ ఇంకో వింత. పేపరు చూసిన కమీషనరు గారు, చైర్మను గారు తనకి చెప్పకుండా నిర్ణయం తీసుకుని పత్రికకి చెప్పారేమో అనుకుని ఫైలు పక్కన పెట్టారట. చైర్మను గారు, అది కమీషనరు గారి నిర్ణయమే అనుకున్నారట. ఒకరినొకరు అడిగితే బాగుండదని ఇద్దరూ ఊరుకున్నారు. నేను నిద్రమత్తులో రాసిన మూడంగుళాలూ ఇలా వాటంతటవే ఉత్తర్వు అయి కూర్చున్నాయి. ప్రభ కొండ చేరింది.

మర్నాడు పిడుగురాళ్ళ వెళ్ళాను. మీరెప్పుడైనా బట్టీల మధ్య నడిచారో లేదో. చెట్లు తెల్లగా, పెంకులు తెల్లగా, కుక్కలు కూడా తెల్లగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం పూట మంచు పడ్డట్టుంటుంది, కానీ కింద వేడి. మనుషులు ఆ తెల్లటి పొగలోంచి వచ్చి, మళ్ళీ అందులోకే పోతుంటారు. వాళ్ళ అడుగుల చప్పుడు వినిపించదు. కలలో ఎవరినో వెతుక్కుంటూ తిరుగుతున్నట్టు ఒక బట్టీ నుంచి ఇంకో బట్టీకి తిరిగాను. చివరికి ఒక రేకుల పంచ కింద ఆమె కనిపించింది. చుట్టూ పదిమంది నిలబడి తింటున్నారు. పక్కన గోనెపట్టా మీద ఆమె భర్త కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉన్నాడు.

"రండి విలేకరి గారూ," అంది.

అప్పటివరకు నన్ను తమ్ముడూ అని తప్ప పిలవని మనిషి. తిట్టి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

అంతా చెప్పాను. మధ్యాహ్నమే రాసేశానని, బస్సు మూడింటికని, తంతి ఫారం జేబులో పెట్టుకున్నానని. ఫారం ఇంకా జేబులోనే ఉంది. తీసి చూపించాను. ఆమె దాన్ని తిప్పి చూసి ఇచ్చేసింది.

"అంటే పొయ్యి ఎలిగించకముందే పొగ ఎటు పోయిందో రాశారన్నమాట," అంది.

ఫారం మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"రా అక్కా, నేను కమీషనరు గారితో మాట్లాడతా," అన్నాను చివరికి.

"మాటలు అక్కడ చానా విన్నాగా. కమీషనరు గారు నోటితో ఇచ్చాడు, పేపరు తీసేసుకుంది. మళ్ళీ మీరు నోటితో ఇస్తన్నారు." ఆమె ఆకులో ఇంకొకరికి వడ్డించింది. "పేపర్లో పోయింది పేపర్లోనే రావాలి. మాస్టారు పైకి చదవాలి. ఆ రోజు వస్తా."

గోనెపట్టా మీద నుంచి భర్త అన్నాడు, "ఆ అబ్బాయికి తినటానికి ఏమన్నా పెట్టావా?"

"అడగందే పెట్టటంలా," అంది ఆమె.

అడిగాను. ఆకు నా చేతిలో పెట్టింది. ఆ వేడి నేల మీద, పదిమంది మధ్య, నిలబడి తిన్నాను. కారానికి కళ్ళనీళ్ళు వచ్చాయి. కారానికేనని ఆమె కూడా అనుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం బెజవాడకి ఉత్తరం రాశాను. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, తప్పు నాదేనని. అలంకారాలు లేకుండా నేను రాసిన మొదటి కాగితం అదేననుకుంటాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. వారానికి మూడో పేజీ అడుగున, మందుల ప్రకటనకి పైన, సవరణ పడింది. ఫలానా వార్త పొరపాటున ప్రచురితమైనదనీ, హోటలుకు షరతులతో అనుమతి ఇచ్చుటకు కమీషనరు అంగీకరించినారనీ రెండే వాక్యాలు. ఎడిటరు గారి నుంచి నాకు ఒక కార్డు వచ్చింది. జరిగిన తరువాత రాయండి, అని మాత్రం ఉంది. ఆ తర్వాత ఆరేడు నెలలు నా వార్తలు వర్షాలు, పంటల ధరలు దాటి పైకి పోలేదు.

ఆ పొద్దున హెడ్మాస్టరు గారు సవరణ రెండుసార్లు చదివారు. రెండోసారి నా కిటికీ వైపు తిరిగి చదివారు. ఆఫీసులో ఫైలు మళ్ళీ పైకి వచ్చింది. కమీషనరు గారు ఎవరినీ ఏమీ అడగకుండా సంతకం చేశారట. నాకు తెలిసిన లారీ డ్రైవరు చేత పిడుగురాళ్ళకి ఆ పేపరు పంపాను. చదవడం రాని మనిషికి పేపరు పంపడమేమిటని అతను నవ్వాడు. నాలుగో రోజు అదే లారీలో బాణలీ, గోనెపట్టా, ఇద్దరు మనుషులూ దిగారు.

హోటలు నడిచింది. వీధి భయపడినవన్నీ ఉత్తివి కావని కూడా చెప్పాలి. లారీలు మలుపు అవతల ఆగాలన్న షరతు మూడు నెలలు నిలిచింది. కాలవ రెండుసార్లు పూడింది. పొగగొట్టం ఎత్తు పెంచినా, తూర్పుగాలి తిరిగిన రోజు మామ్మ కిటికీలు మూసుకునేది. ఆ రోజుల్లో హోటలామె పొయ్యి ఆపేసేది, ఎవరూ అడక్కుండానే. హెడ్మాస్టరు గారు మొదట కూజా తెచ్చుకుని మంచినీళ్ళు మాత్రం తాగుతూ నిలబడి కబుర్లు చెప్పేవారు. ఎన్నాళ్ళకో ఒక ఆకు అందుకున్నారు. మోతుబరి రైతు మాత్రం చివరిదాకా తినలేదు. ఆమె ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఏడో అభ్యంతరం ఎవరూ రాయలేదు, కాబట్టి దానికి ఎవరూ జవాబు చెప్పవలసిన అవసరమూ రాలేదు.

బట్టీలకి తిరిగి పోయిన ఆ రోజుల దుమ్ము ఆమె భర్త కంటికి ఏం చేసిందో నాకు తెలియదు. డాక్టరు తేల్చి చెప్పలేదు. తర్వాత తర్వాత ఆయన నన్ను గొంతు పట్టి గుర్తుపట్టేవాడు. అంతకుముందు దూరం నుంచి నడక చూసి పలకరించేవాడు. ఈ తేడా నేను ఎవరికీ చెప్పలేదు, ఇన్నాళ్ళకి ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఆ ఊరి నుంచి బదిలీ వచ్చేదాకా రోజూ సాయంత్రం ఆ నాపరాతి బల్ల దగ్గర నిలబడి తినేవాడిని. మూడు గంటల బస్సు వెళ్ళాకే. ఆకు చాపి, ఇవ్వకుండా పట్టుకుని అడిగేది. "ఏం తమ్ముడూ, ఇయ్యాల బజ్జీలు ఎట్టా ఉన్నయ్యో రాసేశావా, తిని రాస్తావా?"

"తిని రాస్తా అక్కా," అనేవాడిని. అప్పుడు ఆకు నా చేతిలో పెట్టేది.